ఐర్లండ్ భూస్వాములు, కౌలుదార్ల కథలు తెలుగులో చెప్పాలి: ఏది ఏ ఊరిది, ఏ మాట వాడాలి?

కథలపెట్టె (పెరంబూరు):

ఎగ్మోరులో మా తెలుగు కథల బృందానికి 45 నిమిషాల కార్యక్రమం తయారుచేస్తున్నాం. విషయం, ఐర్లండ్ పల్లెల్లో భూస్వాముల గురించి కౌలుదార్లు తరతరాలుగా చెప్పుకున్న కథలు. వినడానికి వచ్చేవాళ్లలో సగం మంది నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దవాళ్లు. వెట్టి, జప్తు, కిస్తు అంటే వాళ్లకి వివరించక్కర్లేదు. మిగతావాళ్లు కాలేజీ పిల్లలు.

మూడు చోట్ల చిక్కు పడింది. నెట్‌లో దొరికే కథలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: క్రూరుడైన దొర, వితంతువు శాపం, నిర్వంశం. వీటిలో ఏది నిజంగా ఆ ఊళ్లో పుట్టిందో, ఏది ఊరూరా తిరిగే కథో తేల్చడం ఎలా? తర్వాత, ల్యాండ్‌లార్డ్, ఏజెంట్, బెయిలిఫ్, గేల్ డే లాంటి మాటలకి తెలుగులో ఏది నప్పుతుంది, ల్యాండ్‌లార్డుని జమీందారు అనేయవచ్చా? ఆఖరిది, ఆ కొద్ది సమయంలో ఏ కథలు పెట్టుకోవాలి?

రాతప్రతి:

మొదటి చిక్కుకి మందుంది, పైసా ఖర్చు లేదు. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో జాతీయ జానపద భాండాగారం ఉంది. 1937 నుంచి 1939 వరకు బడిపిల్లలు పోగుచేసిన కథలన్నిటినీ వాళ్లు డూఖస్ డాట్ ఐఈ అనే సైట్‌లో పేజీ పేజీకీ ఫొటో తీసి పెట్టారు. దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలలు, 50,000కు పైగా పిల్లలు, సుమారు 7,40,000 పేజీలు. పిల్లలు ఇంట్లో తాతల్నీ అవ్వల్నీ, పక్కింటి ముసలివాళ్లనీ అడిగి నోటుపుస్తకంలో రాసుకొచ్చారు. టీచర్లు వాటిలోంచి ఎంచి పెద్ద పుస్తకంలోకి ఎక్కించారు. నెట్‌లో దెయ్యాల కోటల గురించి తిరిగే పేజీలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. ఇక్కడ మాత్రం చెప్పిన మనిషి పేరు, ఊరు, చాలాచోట్ల వయసు కూడా ఉంటాయి.

వెతికేటప్పుడు ముందు కౌంటీ ఎంచుకోండి, మాయో గానీ రాస్‌కామన్ గానీ డోనెగల్ గానీ. ఆ తర్వాత అంశం. టీచర్లకి ఇచ్చిన సూచనల్లో 55 అంశాలుండేవి, వాటిలో ఒకటి నేరుగా భూస్వామి గురించే. అక్కడితో ఆగితే మాత్రం సగం పోగొట్టుకున్నట్టే. కరువు రోజులు, ఊరి శిథిలాలు, ఊరి దారులు అన్న అంశాల్లో కూడా భూస్వామి కనిపిస్తాడు. కరువు పనుల కింద వేయించిన రోడ్డు కథ దారుల కింద ఉంటుంది గానీ భూస్వామి కింద ఉండదు.

కథ దొరకగానే చెప్పినవాళ్ల వయసు చూసి వెనక్కి లెక్కేయండి. 1938లో 80 ఏళ్లున్న మనిషి 1858లో పుట్టినట్టు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువుని అతను చూడలేదు, అమ్మానాన్నల నోట విన్నాడు. 1879 నుంచి నడిచిన భూపోరాటం నాటికి మాత్రం ఇరవై దాటిన కుర్రాడు, కళ్లారా చూసి ఉంటాడు. కార్యక్రమంలో ‘చూసినవాళ్లు చెప్పింది’, ‘విన్నవాళ్లు చెప్పింది’ అని ఒక్క ముక్క కలిపితే చాలు, వినేవాళ్లకి బరువు తెలుస్తుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఫొటో పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది, అది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎక్కించింది. మనుషుల పేర్లు, అంకెలు ఉన్నచోట తప్పనిసరిగా ఫొటోలోని చేతిరాతతో పోల్చుకోండి. ఐరిష్ భాషలో ఉన్న పేజీల్లో పాత లిపి వాడారు. హల్లు మీద చుక్క పెడితే ఇప్పటి రాతలో పక్కన హెచ్ అక్షరం చేర్చినట్టు. ఆ చుక్క వదిలేసి యంత్రానువాదంలో వేస్తే వేరే మాట అయి కూర్చుంటుంది. ఇంకొకటి, ఉత్తర ఐర్లండ్‌లోని ఆరు కౌంటీలు ఈ సేకరణలో లేవు. అక్కడి కథ దొరక్కపోతే అసలు లేదని అనుకోకండి.

ఇక ఊరి కథా, తిరుగుబోతు కథా అన్నది. ఐర్లండ్‌లో 60,000కు పైగా టౌన్‌ల్యాండులున్నాయి, మన రెవెన్యూ గ్రామం కన్నా చిన్నవి. కథలో టౌన్‌ల్యాండ్ పేరుంటే దాన్ని గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో వెతకండి. 1847, 1864 మధ్య అచ్చయిన భూమి విలువల పట్టీ అది, నెట్‌లో ఉచితం. ఎవరి సాగులో ఉంది, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నారు, విస్తీర్ణం, విలువ అన్నీ ఉంటాయి. కౌలుకిచ్చినవాడి పేరు కథలో దొర పేరుతో కలవకపోతే కథ అబద్ధమని కొట్టేయకండి. ఆ గడిలో రాసేది నేరుగా కౌలుకిచ్చినవాడి పేరు. అతను పెద్ద భూస్వామి దగ్గర గంపగుత్తగా తీసుకుని ముక్కలు చేసి తిరిగి ఇచ్చిన మధ్యవర్తి కావచ్చు.

తిరుగుబోతు కథకి మంచి ఉదాహరణ, పేకాటలో దెయ్యం. తుఫాను రాత్రి ఎవరో అపరిచితుడు బంగళాకి వస్తాడు, పేకాట మొదలవుతుంది, ముక్క కింద పడుతుంది, తీయడానికి వంగినవాళ్లకి బల్ల కింద గిట్ట కనిపిస్తుంది. వెక్స్‌ఫర్డ్‌లో లాఫ్టస్ హాల్‌కి ఇదే కథ, కిల్‌డేర్‌లో కాసిల్‌టౌన్ బంగళాకి ఇలాంటిదే, డబ్లిన్ పక్కన కొండ మీది హెల్‌ఫైర్ క్లబ్బుకీ ఇదే. మన దెయ్యాన్ని వెనక్కి తిరిగిన పాదాలు పట్టిస్తాయి, వాళ్ల దెయ్యాన్ని గిట్ట పట్టిస్తుంది. చెప్పండి, బాగుంటుంది. ఒక్క బంగళాకే కట్టేయకుండా మూడు పేర్లూ చెప్పండి.

కౌలునామా:

మాటల సంగతి నాకు వదలండి.

జమీందారు అనొద్దు. మీ సభలో వెంకటగిరి, కాళహస్తి జమీలు తెలిసిన పెద్దవాళ్లుంటారు, వాళ్లకి వేరే బొమ్మ కళ్లముందు కొస్తుంది. 1802 శాశ్వత పరిష్కారం కింద మన జమీందారు సర్కారుకి పేష్కష్ కట్టి, రైతుల దగ్గర శిస్తు వసూలు చేసుకునేవాడు. రైతుకి వాడుక వల్ల వచ్చిన సాగు హక్కు కొంత ఉండేది, 1908 చట్టం దాన్ని గట్టి చేసింది. ఐర్లండ్ భూస్వామి అలా వసూలు చేసి పెట్టేవాడు కాదు, ఆ నేలకి సొంతదారు. చాలామంది హక్కు 16, 17 శతాబ్దాల్లో పాత యజమానుల దగ్గర లాక్కుని పంచిపెట్టిన భూముల నుంచి వచ్చింది. ఏడాది కౌలు మీద ఉన్నవాడిని నోటీసిచ్చి లేపేయవచ్చు. ఈ తేడా పోతే కథల్లో భయం ఎందుకుందో అర్థం కాదు. కథనంలో ‘భూస్వామి’ అనండి, పాత్రల నోట ‘దొర’ అనిపించండి.

ఏజెంటుని ఏజెంటు అనే ఉంచండి. గుమాస్తా అంటే స్థాయి పడిపోతుంది. దొర లండన్‌లో ఉంటే ఊళ్లో అసలు ప్రభువు ఈయనే. జనం కథల్లో ఏజెంటు చేసిన పనులు దొర ఖాతాలో పడటం, దొరవి ఏజెంటు ఖాతాలో పడటం మామూలు. బెయిలిఫ్‌కి ‘అమీనా’ అతికినట్టు సరిపోతుంది, జప్తుకి వచ్చేవాడు అనగానే తెలిసిపోతుంది. అతని కింద డ్రైవర్ అని ఒకడుంటాడు, బండి తోలేవాడు కాదండోయ్, బాకీ ఉన్నవాళ్ల పశువుల్ని తోలుకుపోయేవాడు. తోలుకెళ్లి పెట్టే చోటుకి మన దగ్గర ఎప్పటి నుంచో పేరుంది, బందెలదొడ్డి. ‘బంట్రోతు వచ్చి ఆవుని బందెలదొడ్డికి తోలుకుపోయాడు’ అంటే ఇంకో వివరణ అక్కర్లేదు.

గేల్ అంటే కిస్తు. ఏడాదికి రెండు, మామూలుగా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి. ‘హ్యాంగింగ్ గేల్’ అన్న మాట తగులుతుంది, దాన్ని జాగ్రత్తగా విప్పండి. కొత్త కౌలుదారుని మొదటి కిస్తు కట్టకుండానే దిగనిచ్చేవారు. వినడానికి దయలా ఉంటుంది. అసలు సంగతి, ఆ ఆరు నెలల బాకీ ఎప్పటికీ పుస్తకంలో అలాగే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు దాని పేరు చెప్పి జప్తుకి రావచ్చు. ‘నెత్తిన వేలాడే కిస్తు’ అంటే మాటా కలుస్తుంది, అర్థమూ కలుస్తుంది.

కొన్నాళ్లు ఊరికే చేసి పెట్టాల్సిన పనికి వెట్టి, పండక్కి పంపాల్సిన కోళ్లకి మామూళ్లు. ఒక్క పంటకి తీసుకునే చెక్క గుత్త. ఉత్తరాన అల్‌స్టర్‌లో వెళ్లిపోయే కౌలుదారుకి కొత్తగా వచ్చేవాడు డబ్బిచ్చే ఆచారముంది, పగిడీ లాంటిదనండి. లేపేసిన కుటుంబం పొలాన్ని తీసుకున్నవాడిని వాళ్లు గ్రాబర్ అని తిట్టేవారు. నాకు నచ్చిన అనువాదం ‘పరాయి పొయ్యి మీద కుండ పెట్టినవాడు’. పొయ్యి మాట అక్కడ ఊరికే రాలేదు. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లు సామాను బయట పడేశాక పొయ్యిలో నిప్పు ఆర్పేవారు. తరాల తరబడి రాత్రిళ్లు బూడిద కప్పి నిలుపుకున్న నిప్పు అది. ఆ ఘట్టం దగ్గర తొందరపడకండి.

‘మూడు ప్రాణాల కౌలు’ అని ఇంకోటి ఉంది, పిల్లలకి బాగా పడుతుంది. పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు, ఆ ముగ్గురిలో ఆఖరివాడు పోయేదాకా కౌలు చెల్లుతుంది. చాలాకాలం బతుకుతారని పసిపిల్లల పేర్లు రాయించేవారు, ఒక్కోసారి రాజకుటుంబం పిల్లల పేర్లు కూడా.

అంకెల దగ్గర రెండు గోతులున్నాయి. ఐరిష్ ఎకరం వేరు. అది 7,840 చదరపు గజాలు, మనం వాడే ఎకరం 4,840. అంటే ఐరిష్ ఎకరం మన లెక్కలో 162 సెంట్లు. కథలో ‘పది ఎకరాల రైతు’ అంటే ఏ ఎకరమో చూసుకోండి. డబ్బేమో పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. ‘ఎకరానికి ముప్పై షిల్లింగులు’ అంటే ఒకటిన్నర పౌను.

కరువు కథ చెబితే 1847 నాటి పావు ఎకరం నిబంధన వదలొద్దు. పావు ఎకరం కన్నా ఎక్కువ భూమి చేతిలో ఉంటే సర్కారు సాయం లేదు. 25 సెంట్లు! గంజి కావాలంటే మిగతా నేల వదులుకోవాలి. నెల్లూరు రైతుకి ఆ అంకె చెప్పి ఒక్క క్షణం ఆగండి.

వాల్టాక్స్ రోడ్డు పాఠకుడు:

కథల ఎంపిక గురించి. రాతప్రతి గారు చెప్పిన పరీక్షకి నిలబడేవి, చెప్పడానికీ బాగుండేవి డోనెగల్‌లోనే రెండున్నాయి. శాపం కథ పెట్టుకోవాలని ఉంటే డెరీవే అన్న చోటిది పెట్టుకోండి.

జాన్ జార్జ్ అడేర్ అక్కడ భూమి కొన్నాడు. కొండమేత మీద, గొర్రెల మీద కౌలుదార్లతో తగాదా. 1860 నవంబరులో అతని మేనేజరు జేమ్స్ మర్రే హత్యకి గురయ్యాడు. చంపిందెవరో రుజువు కాలేదు. 1861 ఏప్రిల్‌లో అడేర్ 47 కుటుంబాల్ని, 244 మందిని మూడు రోజుల్లో ఇళ్లలోంచి వెళ్లగొట్టించాడు. కొందరు లెటర్‌కెనీ వర్క్‌హౌస్‌కి, అంటే పని చేయించుకుని తిండి పెట్టే బీదల ఇంటికి చేరారు, చాలామంది పడుచువాళ్లు ఆ తర్వాత ఆస్ట్రేలియా ఓడ ఎక్కారు. తర్వాత ఆ లోయలో గ్లెన్‌వే కోట కట్టాడు. ఇంతవరకు కాగితాల్లో ఉన్నది.

జనం చెప్పేది, ఆ కోట ఎవరి చేతిలో ఉన్నా వారసుడు నిలవడని శాపం తగిలిందని. అడేర్‌కి పిల్లల్లేరు, 1885లో పోయాడు. తర్వాత కొన్న అమెరికన్ ప్రొఫెసర్ ఆర్థర్ కింగ్స్‌లీ పోర్టర్ 1933లో ఇనిష్‌బోఫిన్ దీవిలో మాయమయ్యాడు. ఆఖరి యజమాని హెన్రీ మెకిల్‌హెనీ బ్రహ్మచారి, కోటని దేశానికి ఇచ్చేశాడు. ఇప్పుడది జాతీయ ఉద్యానవనంలో ఉంది. ఈ వరస చెప్పగానే సభ నిశ్శబ్దమైపోతుంది. అయినా పోర్టర్ సంగతి 1933కి ముందు కథలో ఉండే వీలు లేదు కదా. శాపం ముందు, రుజువులు తర్వాత ఒక్కొక్కటిగా చేరాయి. పైగా అడేర్ భార్య కార్నీలియాకి మొదటి పెళ్లి వల్ల పిల్లలున్నారు, ఆ సంగతి శాపం కథలోకి రాలేదు. కథ ఏం ఉంచుకుందో, ఏం వదిలేసిందో చూపిస్తే శాపం కన్నా అదే ఆసక్తిగా ఉంటుంది.

శాపం పెట్టే తీరు చెప్పేటప్పుడు మన మాటలు వాడండి. అక్కడ వితంతువు జుట్టు విరబోసుకుని మోకాళ్ల మీద కూర్చుని శపిస్తుంది, గడప ముందు గడ్డి మొలవాలని. మన ఆడవాళ్లు దుమ్మెత్తిపోస్తారు, ఇంట దీపం పెట్టే దిక్కు లేకుండా పోవాలంటారు. రెంటినీ కలిపేయకుండా పక్కపక్కన పెట్టండి.

రెండోది లార్డ్ లీట్రిమ్. 1878 ఏప్రిల్ 2న మిల్‌ఫర్డ్ దగ్గర క్రాట్లా అడవిలో ఆయన్నీ, గుమాస్తానీ, బండి తోలే అబ్బాయినీ చంపేశారు. కౌలుదార్ల కూతుళ్ల మీద చెయ్యి వేసేవాడని కథలు కోకొల్లలు. నా అభిప్రాయం, వాటిని జరిగినట్టుగా చెప్పకండి. ఇలాంటి మాట ఎందరో దొరల మీద ఒకే మూసలో వినబడుతుంది, ఈయన విషయంలో రాతపూర్వక సాక్ష్యం బలహీనం. రుజువున్నది వేరే: నోటీసులు, ఖాళీ చేయించడాలు, కౌలుదారు హక్కుని ఒప్పుకోకపోవడం. బండి తోలే అబ్బాయీ, గుమాస్తా కూడా చచ్చిపోయారన్న సంగతిని వీరగాథలు తొందరగా దాటేస్తాయి. మీరు దాటకండి.

రాతప్రతి:

లీట్రిమ్ విషయంలో ఒప్పుకుంటాను గానీ ఆ కథల్ని పూర్తిగా వదిలేయడానికి మనసొప్పదు. ఆడపిల్లల భయం, కథ చెప్పినవాళ్లకి ఆ దొరకున్న అధికారం ఎలా కనిపించిందో, రెండూ అందులో ఉన్నాయి. ‘ఇలా చెప్పుకునేవారు’ అని ఒక్క వాక్యంలో చెప్పి, వివరంలోకి వెళ్లకుండా ముందుకెళ్లొచ్చు.

మంచి దొర కథ కూడా ఒకటి ఉండాలి, లేకపోతే పాత పాటే అవుతుంది. మాయోలో మూర్ హాల్ యజమాని జార్జ్ హెన్రీ మూర్ గుర్రం కొరానా 1846లో చెస్టర్ కప్ గెలిచింది. ఆ పందెం డబ్బులో కొంత కౌలుదార్ల కరువు సాయానికి వెళ్లింది. ఆయన భూముల్లో ఆకలితో ఎవరూ పోలేదని జనం చెప్పుకుంటారు. అదే ఇంటిని 1923 అంతర్యుద్ధంలో తగలబెట్టారు. ఈ రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి.

కథలపెట్టె (పెరంబూరు):

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా దొరుకుతుందనుకోలేదు. ఇంకో సందేహం. గుడిసె ముందు ముక్కాలి కొయ్యకి వేలాడదీసిన పెద్ద దూలంతో గోడ బద్దలు కొడుతున్న ఫొటో ఒకటి చాలా చోట్ల కరువు కాలానిదని కనిపిస్తోంది. పోస్టర్ మీద వేయవచ్చా? బాయ్‌కాట్ కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పడం అనవసరమేమో?

కౌలునామా:

ఆ ఫొటో కరువుది కాదు. ముక్కాలికి దూలం వేలాడదీసి గోడ కొట్టడం 1880ల చివర్లో బాగా కనిపిస్తుంది, క్లేర్ కౌంటీలో కిల్‌రష్ దగ్గర వాండెలూర్ ఎస్టేట్‌లో 1888లో తీసినవి ఎక్కువ తిరుగుతాయి. కరువు నాటికి ఇళ్లు కూల్చింది గడ్డపారలతో, పగ్గాలు కట్టి లాగి. ఆ గుంపుని గడ్డపారల పటాలం అనేవారు. కాబట్టి 1847 కథలో ముక్కాలి దూలం వస్తే ఎవరో తర్వాతి బొమ్మని ముందుకి జరిపారని తెలుసుకోండి. పోస్టర్ మీద ఆ ఫొటో వేయాలంటే కింద 1888 అని రాయండి. కరువు కాలానిదే కావాలంటే 1847–49 నాటి లండన్ వారపత్రికల చెక్కుడు బొమ్మలున్నాయి.

వాల్టాక్స్ రోడ్డు పాఠకుడు:

బాయ్‌కాట్ వదిలేయొద్దు, దాంతోనే మొదలుపెట్టండి. మాట అందరికీ తెలుసు, మనిషి సంగతి తక్కువమందికి తెలుసు. చార్ల్స్ బాయ్‌కాట్ మాయో కౌంటీలో లార్డ్ ఎర్న్‌కి ఏజెంటు, లాక్ మాస్క్ హౌస్‌లో కాపురం. 1880 శరదృతువులో కౌలు తగ్గింపు గొడవ ముదిరి ఊరంతా అతన్ని వదిలేసింది. అక్టోబరులో లండన్ పత్రికకి అతనే రాసుకున్న ఉత్తరంలో తనకి పనిచేస్తే చంపుతామని కమ్మరికి బెదిరింపు ఉత్తరం వచ్చిందనీ, బట్టలుతికే మనిషిని మానేయమన్నారనీ మొరపెట్టుకున్నాడు. మన తెలంగాణ ఊళ్లలో దొరల మీద చాకలి మంగలి బంద్ అన్నది వినినవాళ్లకి ఇది ఒక్క క్షణంలో ఎక్కుతుంది. ఒక్క జాగ్రత్త, ‘వెలి’ అని ఒట్టి మాట వాడొద్దు. మన దగ్గర వెలి ఎక్కువగా పైవాళ్లు కిందివాళ్ల మీద వేసింది, అక్కడ కిందివాళ్లు పైవాడి మీద వేశారు. ‘ఊరు దొరని వెలేసింది’ అని దిశ తెలిసేలా చెప్పండి.

పంట కోయడానికి కావన్, మొనహన్ కౌంటీల నుంచి 50 మంది కూలీల్ని తెచ్చారు, వాళ్లకి కాపలాగా వందల మంది సైనికులూ పోలీసులూ. దాదాపు 500 పౌన్ల విలువైన పంట ఇంటికి చేర్చడానికి 10,000 పౌన్లు అయిందని లెక్కగట్టారు. ఈ రెండంకెలూ పక్కపక్కన చెప్పండి, పిల్లలు మర్చిపోరు. ఆ పేరుని క్రియాపదంగా వాడమన్నది ఆ ఊరి పాస్టర్ కాదు, క్యాథలిక్ గురువు, ఫాదర్ జాన్ ఓమాలీ అని చెబుతారు. అనువాదంలో పాస్టర్ అని రాస్తే ఇక్కడ వేరే శాఖ అనుకుంటారు.

సమయం లెక్క: బాయ్‌కాట్‌కి పది నిమిషాలు, పేకాట దెయ్యానికి ఐదు, డెరీవేకి పదిహేను, మూర్ హాల్‌కి ఐదు. మిగిలిన పది నిమిషాలు కిస్తు, బందెలదొడ్డి, పావు ఎకరం లాంటి మాటలకి ఉంచుకోండి, ఒకేచోట కాకుండా కథల మధ్యలో పంచండి. లీట్రిమ్ ప్రశ్నోత్తరాలకి.

చూళై పుస్తకాలమ్మ:

ఎగ్మోరులోనే కాబట్టి ఒక చిన్న సంగతి. పాంథియన్ రోడ్డులో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ పేరు ఐర్లండ్ పడమటి కొసన గాల్వే కౌంటీలో ఉన్న ప్రాంతానిది. 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన రాబర్ట్ బర్క్‌కి లార్డ్ కన్నెమరా అన్న బిరుదు. ఆయన ఐదో ఎర్ల్ ఆఫ్ మాయో కొడుకు. 1872లో పోర్ట్ బ్లెయిర్‌లో హత్యకి గురైన వైస్రాయి లార్డ్ మాయో ఆయన అన్నగారు. బాయ్‌కాట్ కథ జరిగింది మాయో కౌంటీలో, మూర్ హాల్ కూడా అక్కడే. వచ్చినవాళ్లలో చాలామంది ఆ లైబ్రరీ మెట్లు ఎక్కినవాళ్లే. కౌంటీల పటం ఒకటి గోడకి తగిలించి ఆ రెండు పేర్లూ వేలుపెట్టి చూపించాక కథ ఎత్తుకోండి. పటం మాత్రం 32 కౌంటీలదీ తెచ్చుకోండి, 26 ఉన్నది తెస్తే అల్‌స్టర్ ఆచారం చెప్పేటప్పుడు చూపించడానికి అక్కడి ఆరు కౌంటీలు ఉండవు.